శుభలేఖ ముక్క మందం: ఒక టీఎల్ఆర్ కెమెరా కేసు

పాత ఫిల్ము కెమెరాలు బాగుచేసే పనిలో ఉన్నవాళ్ళు చేసిన పనిని చేతికి గుర్తుపెట్టుకుంటారే తప్ప కాగితం మీద పెట్టడం తక్కువ. ఈ కేసును మాత్రం పూర్తిగా రాసి ఉంచాలనిపించింది. ఇందులో నేను చేసిన మొదటి మరమ్మతు సగం పనిచేసింది. అసలు పనిచేయని మరమ్మతు వెంటనే బయటపడుతుంది కానీ, సగం పనిచేసినది మాత్రం సరిపోయిందన్న నమ్మకం కలిగించి, లోపాన్ని కెమెరాలోనే మిగిల్చి పంపిస్తుంది. యజమాని అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, బంధుత్వాలు, వృత్తి వంటి ఆనవాళ్ళలో కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. కొలతలు మాత్రం నా పని పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

నేపథ్యం

కెమెరా యాషికా మ్యాట్ 124జీ. 1970లో వచ్చి 1986 దాకా తయారైన ఈ జపాన్ కెమెరా, 1929లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో మొదలైన రోలైఫ్లెక్స్ పద్ధతినే అనుసరిస్తుంది. ఒకదాని మీద ఒకటిగా రెండు లెన్సులు ఉంటాయి. ఇలాంటివాటినే టీఎల్ఆర్ (ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్) అంటారు. పైది చూడటానికి, కిందది ఫోటో తీయడానికి. రెండూ 80 మి.మీ. లెన్సులే. కింది లెన్సు గరిష్ఠ అపెర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ అది పెద్దదవుతుంది) ఎఫ్ 3.5 కాగా, ఫోకస్ చేసేటప్పుడు వెలుతురు ఎక్కువగా అందాలని పై లెన్సును ఎఫ్ 2.8గా ఇచ్చారు. పై లెన్సు నుంచి వచ్చిన వెలుగు వాలుగా ఉన్న అద్దం మీద పడి, పైకి మళ్ళి, నడుము దగ్గర పట్టుకుని కిందికి చూసే స్క్రీన్ గరుకు ముఖం మీద బొమ్మగా నిలుస్తుంది. కింది లెన్సు వెలుగు నేరుగా ఫిల్ము మీద పడుతుంది. 120 రోలు మీద సుమారు 56 మి.మీ. చదరపు నెగటివ్‌లు పన్నెండు వస్తాయి.

రెండు లెన్సులూ ఒకే ముందు పలకకు బిగించి ఉంటాయి. ఫోకస్ నాబ్ తిప్పితే ఆ పలక మొత్తం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కాబట్టి పై లెన్సు నుంచి స్క్రీన్ గరుకు ముఖానికి ఉన్న దూరమూ, కింది లెన్సు నుంచి ఫిల్ముకు ఉన్న దూరమూ ఎప్పుడూ ఒకదానికొకటి సరిపోతూ ఉండాలి. ఒక లెన్సుతోనే చూసి తీసే ఎస్ఎల్ఆర్‌లో కూడా ఇలాంటి పొత్తు అవసరమే. టీఎల్ఆర్‌లో అయితే చూసే దారి, తీసే దారి మొదటి గాజు నుంచే వేరు కనుక, ఆ పొత్తు చెడే చోట్లు ఎక్కువ, చెడిందని కంటికి తెలిసే అవకాశం తక్కువ. స్క్రీన్ మీద బొమ్మ స్ఫుటంగానే కనిపిస్తుంది. ఫిల్ము మీద ఏం జరిగిందో రోలు కడిగాకే తెలుస్తుంది.

ఈ కెమెరా యజమాని తాతగారిది. కోస్తాలో ఒక చిన్న పట్టణంలో ఆయనకు స్టూడియో ఉండేది. స్టూడియో మూతపడ్డాక కెమెరా తోలు కవరుతో సహా బీరువాలోకి చేరింది. ముప్ఫై ఏళ్ళు దాటిన మనవరాలు దాన్ని మళ్ళీ వాడాలనుకున్నారు. ఆమె ఉద్దేశం చాలా స్పష్టంగా ఉంది: ఇంట్లోని పెద్దవాళ్ళను, వాళ్ళు రోజూ కూర్చునే చోటే, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయాలి. అందుకు 400 స్పీడు నలుపు తెలుపు ఫిల్ము వాడుతున్నారు. ఆ వెలుతురులో అపెర్చర్ ఎఫ్ 3.5 దగ్గరో 4 దగ్గరో ఉండక తప్పదు. కెమెరాను ఏ అపెర్చర్‌లో, ఎంత దూరంలో వాడతారన్నది నేను ఇప్పుడు అందరినీ ముందే అడుగుతున్నాను. ఈ కేసు మొత్తం ఆ సమాధానం చుట్టూనే తిరిగింది.

వచ్చిన సమస్య

మూడు రోళ్ళు తీశారు, అంటే 36 ఫోటోలు. ఎండలో, పెరట్లో, వీధిలో ఎఫ్ 8, 11 దగ్గర తీసినవి చక్కగా వచ్చాయి. ఇంట్లో తీసిన ముఖాలన్నీ మెత్తగా వచ్చాయి. స్క్రీన్ మీద భూతద్దం లేపి, కనురెప్పల మీద ఫోకస్ పెట్టి, ఊపిరి బిగబట్టి తీసినవి కూడా అలాగే ఉన్నాయి.

నా దగ్గరికి రాకముందు ఇద్దరికి చూపించారు. ఒకరు లెన్సులో బూజు ఉందని చెప్పి శుభ్రం చేశారు, తేడా రాలేదు. పాత లెన్సులు పూర్తిగా తెరిచినప్పుడు ఇలాగే ఉంటాయని, ఎఫ్ 8 కంటే తక్కువకు వెళ్ళవద్దని రెండోవారు సలహా ఇచ్చారు. ఆ సలహాలో కొంత నిజం ఉంది. ఇది నాలుగు గాజుల టెస్సార్ తరహా లెన్సు. పూర్తిగా తెరిస్తే మూలలు మెత్తబడతాయి. కానీ మధ్యలో కనురెప్పలు కలిసిపోయేంత మెత్తగా ఎప్పుడూ ఉండదు. పైగా కిటికీ వెలుతురులో తీయదలచిన మనిషికి ఎఫ్ 8 వాడమనడమంటే కెమెరా వాడవద్దని చెప్పినట్టే.

కెమెరా విప్పకముందు నెగటివ్‌లు

నేను ముందు కెమెరాను పక్కనపెట్టి నెగటివ్‌లు తెమ్మన్నాను. ప్రింటు లేదా స్కాను నమ్మదగ్గ సాక్ష్యం కాదు. స్కానర్ ఫోకస్ తప్పినా ఫోటో మెత్తగానే కనిపిస్తుంది. లైట్ బాక్స్ మీద పరిచి, పది రెట్లు పెంచి చూపే భూతద్దంతో ఒక్కొక్కటే చూశాను.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ ఫ్రేములో ఎక్కడైనా ఏదైనా స్ఫుటంగా ఉందా? ఎక్కడా లేకపోతే చెయ్యి కదిలి ఉండాలి, లేదా లెన్సు మసకబారి ఉండాలి. ముఖం మెత్తగా ఉండి మరొకటి స్ఫుటంగా ఉంటే అది ఫోకస్ తప్పిన కేసు. ఒక ఫ్రేములో పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆమె కళ్ళు పొగమంచులో ఉన్నట్టున్నాయి. కానీ కుర్చీ వెనక గోడకు వేలాడుతున్న క్యాలెండరులో తిథి వారాల చిన్న అక్షరాలు చదవడానికి వీలుగా ఉన్నాయి. మరో ఫ్రేములో ముక్కుపుడక మెత్తగా ఉంది, చెవి వెనక జారిన జుట్టు పోగులు విడివిడిగా ఉన్నాయి. దీంతో చెయ్యి కదలడం, బూజు, లెన్సు ముసలితనం అన్న మూడు అనుమానాలూ ఒకేసారి పక్కకు పోయాయి.

ఫోకస్ పెట్టే మనిషి పొరపాటు పడితే ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు తప్పుతుంది. ఇక్కడ ఇంట్లో తీసిన పంతొమ్మిది ఫ్రేముల్లోనూ వెనక్కే తప్పింది. ఒకే వైపు తప్పేది యంత్రమే. ఆ మాట ఆమెతో చెప్పినప్పుడు ఆమె ముఖంలో కనిపించిన ఊరట నాకు గుర్తుంది. మూడు రోళ్ళ పాటు తన చేతినే అనుమానించుకున్నారు.

ఎండలో తీసినవి ఎందుకు బాగున్నాయన్నది కూడా లెక్కకు అందుతుంది. ఫిల్ము మీద 0.05 మి.మీ. మసకను కన్ను సహిస్తుందనుకుంటే, లెన్సుకూ ఫిల్ముకూ మధ్య దూరం ఎఫ్ 11 దగ్గర అటూ ఇటూ 0.55 మి.మీ. దాకా తప్పినా బయటపడదు. ఎఫ్ 3.5 దగ్గర 0.17 మి.మీ. దాటితే బయటపడుతుంది. అంటే లోపం ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో ఉంది. కెమెరా ముట్టుకోకుండానే ఇంతవరకు తెలిసింది.

మధ్యలో మరో రెండు అవకాశాలు చూసి వదిలేశాను. ఈ మోడల్‌లో ఫిల్మును వెనక నుంచి పట్టి ఉంచే ప్రెషర్ ప్లేట్‌ను 120, 220 రోళ్ళకు వేర్వేరుగా జరపవచ్చు. 220కి వెనక కాగితం ఉండదు కనుక మందం తక్కువ. ప్లేట్ 120 స్థానంలోనే ఉంది. ఫిల్ము రోలర్ దగ్గర వంపు తిరుగుతుంది కాబట్టి రోజుల తరబడి కెమెరాలో వదిలేస్తే అక్కడ వంకర పడవచ్చు. అయితే అది ఏదో ఒక ఫ్రేమును పాడుచేస్తుంది గానీ పంతొమ్మిదింటినీ ఒకే తీరున చేయదు.

మొదటి ప్రయత్నం

తీసే లెన్సు ఎక్కడ ఫోకస్ అవుతోందో చూడాలంటే ఫిల్ము ఉండే చోట ఒక గరుకు అద్దం పెట్టి, షటర్‌ను బి మీద (నొక్కి ఉంచినంతసేపూ తెరిచే ఉండే స్థానంలో) తెరిచి ఉంచి, వెనక నుంచి చూడాలి. నా దగ్గర చాలా ఏళ్ళుగా వాడుతున్న అద్దం ముక్క ఉంది. దాన్ని పెట్టాను. కెమెరాను ట్రైపాడ్ మీద నిలిపి, 1.5 మీటర్ల దూరంలో దినపత్రిక పేజీ అంటించి, కింది లెన్సులో అక్షరాలు స్ఫుటంగా వచ్చేదాకా నాబ్ తిప్పి ఆపాను. అప్పుడు పైన స్క్రీన్ చూస్తే అక్షరాలు మెత్తగా ఉన్నాయి. ముందు పలక మీది కవరు తీసి, పై లెన్సును పట్టి ఉంచే చిన్న సెట్ స్క్రూలు వదులు చేసి, స్క్రీన్ మీద అక్షరాలు తేరేదాకా లెన్సును మరలో తిప్పి బిగించాను. తిప్పడానికి ముందు అది ఉన్న చోట సూదితో సన్నని గీత పెట్టుకున్నాను. ఈ మొత్తం ప్రయత్నంలో నేను చేసిన మంచి పని ఆ గీత ఒక్కటే.

పరీక్ష రోలు తీశాను. 1.5 మీటర్ల దగ్గర ఎఫ్ 3.5లో, మొదట సుమారు 18 సెం.మీ. వెనక్కు పడిన ఫోకస్ ఇప్పుడు ఆరేడు సెం.మీ. వెనక పడింది. ఆ దూరంలో ఆ అపెర్చర్‌కు స్ఫుటత ముందుకు ఆరు, వెనక్కు ఆరు సెం.మీ. మేర ఉంటుంది. కాబట్టి పోస్టుకార్డు సైజు ప్రింటులో ముఖం బాగానే కనిపించింది. ఆ రోజు కెమెరా ఇచ్చేసి ఉంటే ఆమె సంతోషించేవారు, డబ్బులు కూడా ఇచ్చేవారు. పెద్ద ప్రింటు వేసిన రోజున మళ్ళీ తన చేతినే అనుమానించుకునేవారు.

ఆపింది రెండు విషయాలు. ఒకటి, పరీక్ష రోలులో పత్రికను ఫ్రేము మధ్యలోనే కాక ఎడమ, కుడి పక్కల్లో కూడా ఉంచి, ప్రతిసారీ స్క్రీన్ మీద ఆ పక్కనే చూసి ఫోకస్ పెట్టి తీశాను. ఫోటోలో ఎడమ పక్క దాదాపు సరిగ్గా ఉంది. మధ్యలో కొద్దిగా తప్పింది. కుడి పక్క 14 సెం.మీ. తప్పింది. లెన్సు ముందుకో వెనక్కో ఉండటం వల్ల వచ్చే తప్పు ఫ్రేము అంతటా సమానంగా ఉంటుంది. పక్క పక్కకూ మారుతోందంటే ఏదో ఒకటి వాలి ఉందన్నమాట. రెండోది, నేను చేసిన సవరణకు కారణం ఏమిటో నాకే తెలియదు. తయారైన రోజున ఈ లెన్సులు సరిపోయే ఉంటాయి. ఎవరూ ముట్టని సెట్ స్క్రూలు వాటంతట అవి తిరగవు. నేను వాటిని వదులు చేసినప్పుడు స్క్రూల మీద పాత సీలు చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని నేనే పగలగొట్టాను. ఆ సీలును చూసిన క్షణంలోనే ఆగి ఉండవలసింది. ఎవరూ కదపని భాగాన్ని కదిపి, ఎవరో కదిపిన భాగం చేసిన తప్పును కప్పిపెట్టాను.

మళ్ళీ మొదటి నుంచి

పై లెన్సును సూది గీత దగ్గరికి తిరిగి తెచ్చాను. కెమెరా వచ్చిన స్థితిలోనే మళ్ళీ ఉంది. ఈసారి ఆమెకు ఫోన్ చేసి, ముందు అడగని ప్రశ్న అడిగాను: నాబ్‌ను అనంతం గుర్తు దాకా పూర్తిగా తిప్పినప్పుడు స్క్రీన్ మీద దూరపు వస్తువులు ఎలా కనిపించేవి?

"అవి ఎప్పుడూ పూర్తిగా తేరేవి కావండీ. ఇంకొంచెం తిరిగితే బాగుండు అనిపించేది, కానీ నాబ్ అక్కడికి ఆగిపోయేది. నాకే కళ్ళద్దాలు కావాలేమో అనుకున్నాను."

ఈ మాట మొదటి రోజే అడిగి ఉంటే రెండు వారాలు, ఒక రోలు మిగిలేవి. నాబ్ చివరిదాకా వెళ్ళినా స్క్రీన్ మీద దూరం తేరడం లేదంటే, పై లెన్సు నుంచి గరుకు ముఖానికి ఉన్న దూరం ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉంది. ఇది నెగటివ్‌లలో ఫోకస్ వెనక్కు పడటంతో సరిగ్గా సరిపోతుంది. స్క్రీన్ మీద ముఖం తేరాలంటే పలకను కొద్దిగా లోపలికి లాగవలసి వస్తుంది. అదే పలక మీదున్న కింది లెన్సు కూడా లోపలికి వెళ్ళి, ముఖాన్ని వదిలి వెనకనున్న క్యాలెండరును పట్టుకుంటుంది.

మరి కింది లెన్సు సరిగ్గా ఉందా? దీన్ని తేల్చడానికి నా అద్దం ముక్కను మళ్ళీ పెట్టి, నాబ్‌ను అనంతం దగ్గర ఆపి, దూరంగా ఉన్న సెల్ టవరు వైపు చూశాను. టవరు కమ్మీలు కొద్దిగా మెత్తగా ఉన్నాయి. అయితే కింది లెన్సు కూడా తప్పిందా? ఇక్కడ నేను కాసేపు నిజంగా తికమకపడ్డాను. తీసే లెన్సును తిప్పాలన్న ఆలోచన కూడా వచ్చింది. ఆపింది ఆమె తీసిన ఒక నెగటివ్. సాయంత్రం చీకటి పడుతుండగా, కెమెరాను పిట్టగోడ మీద ఆనించి, నాబ్‌ను చివరిదాకా తిప్పి, ఎఫ్ 3.5లో నది అవతలి ఒడ్డు దీపాలు తీశారు. భూతద్దం కింద ఒక్కో దీపమూ సూది మొనంత చుక్కగా ఉంది. అద్దం ముక్క లెన్సు తప్పిందంటోంది, ఫిల్ము సరిగ్గా ఉందంటోంది. కెమెరా ఫిల్ము కోసం చేసినది కాబట్టి ఫిల్ము మాటే నమ్మాను. అంటే నా అద్దమే ఫిల్ము ఉండే చోట లేదు.

వెనక తలుపు తెరిచి చూస్తే ఫిల్ము గేటుకు రెండు జతల పట్టాలుంటాయి. ఫిల్ము లోపలి పట్టాల మీద ఆనుతుంది. బయటి పట్టాలు కొద్దిగా ఎత్తుగా ఉంటాయి. ప్రెషర్ ప్లేట్ వాటి మీద ఆగి, ఫిల్మూ దాని వెనక కాగితమూ పట్టేంత సందు వదులుతుంది. నా అద్దం ముక్క వేరే కెమెరా కోసం కోసినది, వెడల్పు ఎక్కువ. అది బయటి పట్టాల మీద కూర్చుంది. ఆ ఎత్తు తేడా కొలిస్తే సుమారు 0.2 మి.మీ. వచ్చింది. 1.5 మీటర్ల దగ్గర 0.2 మి.మీ. అంటే ఆరున్నర సెం.మీ. పరీక్ష రోలులో మిగిలిపోయిన తప్పు అదే. కొలిచే పనిముట్టులోని తప్పునే నేను కెమెరాలోకి ఎక్కించాను.

వెడల్పు తగ్గించి కొత్త అద్దం కోయించి, గరుకు ముఖం లెన్సు వైపు ఉండేలా లోపలి పట్టాల మీద ఆనించి చూశాను. అనంతం దగ్గర టవరు కమ్మీలు విడివిడిగా తేరాయి. తీసే లెన్సుకు ఏ లోపమూ లేదు. దాన్ని ముట్టుకోకూడదని అప్పుడు తేలింది. వాలు సంగతి కూడా ఇలాగే తేల్చాను. గోడకు బల్లపరుపుగా అంటించిన పత్రికకు ఎదురుగా నిలిపి తీసిన ఫ్రేములో నాలుగు మూలలూ ఒకే తీరుగా ఉన్నాయి. కాబట్టి వాలింది తీసే దారిలో కాదు, చూసే దారిలో. అక్కడ వాలగలిగేవి అద్దమూ స్క్రీనూ మాత్రమే.

హుడ్ కింద

స్క్రీన్ చుట్టూ నీడ పట్టే మడత మూత, అంటే హుడ్‌ను పట్టి ఉంచే స్క్రూలు తీసి ఎత్తాను. చూడగానే అర్థమైంది. లోపల ఉన్నది ఈ కెమెరాతో వచ్చిన స్క్రీన్ కాదు. పెద్ద కెమెరా స్క్రీన్‌ను సైజుకు కోసి పెట్టారు. రెండు అంచులు నున్నగా ఉన్నాయి, రెండు అంచులకు రంపపు గీతలున్నాయి. పాత స్క్రీన్ మసకగా ఉంటుందని, ఇలా ప్రకాశవంతమైనది కోసి అమర్చుకోవడం టీఎల్ఆర్ వాడేవాళ్ళలో ఉన్న అలవాటే. అందులో తప్పేమీ లేదు. ఈ కొత్తది పాతదానికంటే పలుచన. కూర్చున్న చోట వదులుగా ఉండి గలగలమని కదిలి ఉంటుంది. ఆ కదలిక ఆపడానికి ఎవరో స్క్రీన్ కింద, అది ఆనే అంచు మీద, అట్ట ముక్కలు పెట్టారు.

పట్టకారుతో ఒక్కొక్కటే తీశాను. మందపు ఐవరీ కాగితం, ఒక ముక్కకు బంగారు రంగు అంచు, ఇంకొకదాని మూల పసుపు మరక. శుభలేఖ నుంచి కత్తిరించిన ముక్కలవి. మైక్రోమీటరులో ఒక్కో ముక్క 0.35 మి.మీ. ఉంది. స్క్రీన్ కుడి పక్క ఒక పొర, ఎడమ పక్క రెండు పొరలు ఉన్నాయి. అంటే ఒక పక్క 0.35, మరో పక్క 0.7, మధ్యలో సుమారు అర మిల్లీమీటరు. లెక్క వేసి చూస్తే 80 మి.మీ. లెన్సుకు 1.5 మీటర్ల దగ్గర అర మిల్లీమీటరు తేడా అంటే దాదాపు 18 సెం.మీ. నెగటివ్‌లు చూపించినదీ అంతే. స్క్రీన్ మీద బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది కాబట్టి, స్క్రీన్ ఎడమ పక్కనున్న మందపు పొర ఫోటోలో కుడి పక్క ఉన్న ముఖాలను ఎక్కువగా పాడుచేసింది. పాత నెగటివ్‌లు మళ్ళీ తీసి చూశాను. ముక్కుపుడక ఫ్రేములో ఆవిడ కుడి పక్కనే కూర్చుని ఉన్నారు.

ఒక ముక్క మీద చిన్న అక్షరాల్లో "సెల్" అన్న మాట, దాని పక్కన చుక్కలు మిగిలి ఉన్నాయి. అంటే ఈ పని తాతగారి కాలంలో జరిగింది కాదు, సెల్ ఫోన్లు ఇంటింటికీ వచ్చాక ఎప్పుడో జరిగింది. ఇది తెలియడం అవసరమే. అసలు తయారీలోనే తేడా ఉందా, తరవాత వచ్చిందా అన్నదాన్ని బట్టి సవరించే చోటు మారుతుంది. నిర్ధారణ కోసం తాతగారి నెగటివ్‌లు ఏవైనా ఉంటే తెమ్మన్నాను. బటర్ పేపర్ కవర్లలో కొన్ని దొరికాయి. ఒక పెళ్ళికూతురి నెగటివ్‌లో వెనక తెర పూర్తిగా కరిగిపోయి ఉంది, అంటే అపెర్చర్ బాగా తెరిచే తీశారు. కనురెప్పలు మాత్రం లెక్కపెట్టుకోవచ్చు. ఆ రోజుల్లో ఈ కెమెరా సరిగ్గానే ఉంది. పది పన్నెండేళ్ళ కిందట ఒక బంధువు ఈ కెమెరాను కొన్నాళ్ళు తీసుకెళ్ళి, స్క్రీన్ మార్పించి తెచ్చిచ్చారని ఆమె తల్లిగారు అప్పుడు గుర్తుచేసుకున్నారు.

పనిచేసినది

నా ముందు రెండు దారులున్నాయి. ఎవరో పెట్టిన స్క్రీన్ తీసేసి, పాత పద్ధతి గరుకు అద్దం కోయించి పెట్టడం ఒకటి. ఉన్న స్క్రీన్‌నే సరిగ్గా కూర్చోబెట్టడం రెండోది. ఆమె చీకటి గదుల్లో ఫోకస్ పెట్టే మనిషి. ప్రకాశవంతమైన స్క్రీన్ ఆమెకు నిజంగా పనికొస్తుంది. పైగా దాని గరుకు ముఖం కిందనే ఉంది, పాతదానికి కూడా అది ఉండవలసిన చోటు అదే. గరుకు ముఖం నేరుగా అంచు మీద ఆనితే స్క్రీన్ మందం ఎంతైనా ఫోకస్ మారదు. కాబట్టి దాన్నే ఉంచాను. అంచు మీద మిగిలిన జిగురును స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, స్క్రీన్‌ను ఖాళీ అంచు మీద కూర్చోబెట్టి, కదలకుండా పైనుంచి సన్నని ఫోమ్ పట్టీలు పెట్టాను. ఆ బంధువు కోసం పనిచేసిన మనిషి ఆలోచన తప్పు కాదు, అట్ట పెట్టిన చోటు తప్పు. స్క్రీన్ మీద పెట్టి ఉంటే ఈ కేసే లేదు.

చూసే దారిలోని వాలు అద్దం శుభ్రం చేసేటప్పుడు చాలా జాగ్రత్త పడ్డాను. ఈ అద్దాలకు మెరుపు పూత పైముఖాన ఉంటుంది. గుడ్డతో రుద్దితే పోతుంది. రబ్బరు బల్బుతో గాలి కొట్టి వదిలేశాను.

చివరి సరిచూపును రెండు రకాలుగా చేశాను, ఎందుకంటే ఒక పనిముట్టు ఇప్పటికే నన్ను మోసం చేసింది. మొదటిది, లోపలి పట్టాల మీద అద్దం పెట్టి, దూరపు టవరును కిందా పైనా పోల్చి చూడటం. రెండోది, 35 మి.మీ. ఎస్ఎల్ఆర్‌కు 200 మి.మీ. లెన్సు పెట్టి, దాన్ని అనంతం దగ్గర సరిచూసి ఉంచి, ఈ కెమెరా లెన్సులోకి ఎదురుగా చూపించడం. ఫిల్ము చోట ఉన్న అద్దం మీద సన్నని గీతలు గీసి వెనక నుంచి దీపం పెడితే, నాబ్ అనంతం దగ్గర ఉన్నప్పుడు ఆ గీతలు ఎస్ఎల్ఆర్‌లో స్ఫుటంగా కనిపించాలి. కనిపించాయి. పై లెన్సు గుండా చూస్తే స్క్రీన్ గరుకు రవ్వలు కూడా దాదాపు తేరాయి. పై లెన్సును సూది గీత నుంచి వెంట్రుక వాసి తిప్పితే పూర్తిగా తేరాయి. సెట్ స్క్రూలు బిగించి, నేను పగలగొట్టిన సీలు స్థానంలో కొత్త చుక్క పెట్టాను.

మళ్ళీ పరీక్ష రోలు తీశాను. 1.5, 3 మీటర్ల దగ్గర, ఎడమ, మధ్య, కుడి పక్కల్లో, అన్నీ ఎఫ్ 3.5లోనే, ట్రైపాడ్ మీద, కేబుల్ రిలీజ్‌తో. పత్రికను ఈసారి వాలుగా పెట్టి, ఫోకస్ పెట్టిన వరుసకు పక్కన పెన్సిలు గీత గీశాను. ఆరు ఫ్రేముల్లోనూ ఆ వరుసే అన్నిటికంటే స్ఫుటంగా వచ్చింది. కుడి కింది మూలలో పూర్తిగా తెరిచినప్పుడు కొద్దిపాటి మెత్తదనం మిగిలింది. అది లెన్సు స్వభావమే, దాన్ని నేను మార్చలేను. ఆమెకు అదే చెప్పాను.

వాడకం గురించి రెండు మాటలు కూడా చెప్పి పంపాను. ఈ మోడల్ లోపలి లైట్ మీటర్ 1.35 వోల్టుల పాదరసం సెల్ కోసం చేసినది, అవి ఇప్పుడు అమ్మకంలో లేవు. 1.5 వోల్టుల సెల్ వేస్తే కొలత తేడా చూపుతుంది కాబట్టి విడి మీటరు వాడమన్నాను. దగ్గర నుంచి ముఖం తీసేటప్పుడు తీసే లెన్సు, చూసే లెన్సుకు కొన్ని సెంటీమీటర్లు కిందుగా ఉంటుందని గుర్తుపెట్టుకుని, తల పైన కొంచెం చోటు వదలమన్నాను.

ఈ కేసు తరవాత నా పనిలో మారినవి

ఇప్పుడు టీఎల్ఆర్ ఏది వచ్చినా మొదటి ప్రశ్న అనంతం దగ్గర స్క్రీన్ ఎలా ఉందన్నదే. దానికి ఒక్క పైసా ఖర్చు లేదు, ఏ స్క్రూ తీయనక్కర్లేదు. పై లెన్సు తప్పిందా, కింది లెన్సు తప్పిందా అన్నది సగం అక్కడే తేలిపోతుంది. స్క్రీన్ మీద దూరం తేరక, ఫిల్ము మీద తేరితే, తీసే లెన్సు జోలికి వెళ్ళకూడదు.

హుడ్ విప్పి స్క్రీన్ ఎలా కూర్చుందో చూశాకే లెన్సు సెట్ స్క్రూల దగ్గరికి వెళ్తాను. స్క్రూల మీద పాత సీలు ఉంటే, ఆ భాగం నిర్దోషి అని ముందుగా అనుకుంటాను. ఇది ఎప్పుడూ నిజం కాకపోవచ్చు. కింద పడిన కెమెరాలో సీలు చెదరకుండానే పలక వంగవచ్చు. అయినా వెతకడం మొదలుపెట్టవలసింది మనిషి చెయ్యి పడిన చోటనే.

గేటు అద్దాలను ఒక్కో మోడల్‌కు ఒక్కటి చొప్పున కోయించి, మీద పేరు రాసి పెట్టుకున్నాను. కొందరు గేటుకు ట్రేసింగ్ కాగితమో సెల్లోటేపో అంటించి చూస్తారు. అది మధ్యలో కుంగుతుంది. ఎఫ్ 3.5 దగ్గర 0.17 మి.మీ. కోసం వెతికేటప్పుడు కుంగే కాగితం ఏం చెప్పినా నమ్మలేం. ఏ అద్దమైనా ఫిల్ము సాక్ష్యంతో ఒక్కసారైనా సరిపోల్చుకున్నాకే వాడాలి.

పరీక్షను ఫ్రేము మధ్యలో మాత్రమే చేసి ఆపడం మానేశాను. మధ్యలో మాత్రమే చూసి ఉంటే ఆరేడు సెంటీమీటర్ల తప్పును లెన్సు ముసలితనం కింద రాసేసి ఉండేవాణ్ణి. ఈ కేసులో వాలు బయటపెట్టింది పక్క ఫ్రేములే.

మూడు నెలల తరవాత ఆమె కొత్త కాంటాక్ట్ షీట్ (రోలులోని ఫ్రేములన్నీ ఒకే కాగితం మీద వేసిన ప్రింటు) తెచ్చారు. పన్నెండు ఫ్రేముల్లో ఎనిమిది పెద్దావిడవి. కిటికీ పక్కన కుర్చీలో, అదే క్యాలెండరు ముందు కూర్చున్నారు. భూతద్దం పెట్టి చూశాను. తిథి వారాల అక్షరాలు కరిగిపోయి ఉన్నాయి. ముక్కుపుడక రాయిలో కిటికీ చువ్వలు కనిపిస్తున్నాయి. శుభలేఖ ముక్కలను కవరులో పెట్టి ఇవ్వబోతే, మీ పుస్తకంలోనే ఉంచండి అన్నారు. కేసు నంబరు పక్కన అంటించి, కింద 0.35 అని రాసి ఉంచాను.